బొమ్మ రాని గడి

పెదనాన్నకి నమస్కారాలు.

మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఈ సంగతి ఫోన్లో చెప్పబోతే "నోటిమాట చెల్లదు, కాగితం మీద పెట్టి పంపు" అంటారని నాకు తెలుసు. కోర్టు గుమాస్తా ఉద్యోగాన్ని మీరు వదిలినా అది మిమ్మల్ని వదల్లేదు. అందుకే ముందే కాగితం తీసుకున్నాను. కూర్చుని చదవండి. పెద్దమ్మని కూడా పిలవండి.

మన వెబ్‌సైట్‌కి బహుమతి వచ్చింది!

ఇచ్చింది మా ఆఫీసు వాళ్ళు కాదు, డిజైనర్ల సంఘం వాళ్ళు. మా వృత్తిలో ఇంతకన్నా పెద్దది లేదు. అందులో 'డబ్బు తీసుకోకుండా చేసిన పని' అని ఒక విభాగం ఉంది. మీకు చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. చెబితే, రాకపోయిన పక్షంలో అప్పీలుకి వెళ్దామంటారని భయం. మీ గురించి ఇలా రాశాను: "ముగ్గురు పెద్దమనుషులు నడిపే చిన్న సంఘం. ఇంట్లో ఎవరైనా మంచాన పడితే చక్రాల కుర్చీ, వాకరు, చంకకర్రలు, తల ఎత్తే మంచం అరువిస్తారు. అవసరం తీరాక తిరిగి తీసుకుంటారు. పైసా పుచ్చుకోరు."

న్యాయనిర్ణేతల్లో పెద్దాయన స్వయంగా రాసిన ప్రశంస చూడండి: "పేజీ నట్టనడుమ ఏమీ లేని గడిని ఉంచడానికి ధైర్యం కావాలి. ఆ గడి లేమికి ఆకారం. ఆ శూన్యం మనల్ని చూస్తుంది." మా లోకంలో ఈయన ఒక పనిని బాగుందన్నాడంటే ఇక దానికి తిరుగులేదు.

ఆ గడి సంగతి మనం కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

పెదనాన్నా, నా ఉద్యోగం మీకు తెలుసు. 'సగం ధరకే' అని ఎర్ర అక్షరాలు పెద్దవి చెయ్యడం, ఇంకా పెద్దవి చెయ్యమంటే ఇంకా పెద్దవి చెయ్యడం. ఇన్నేళ్ళలో ఇది నాది అని చూపించుకునే పని ఒక్కటీ లేదు. ఇప్పుడు మా మేనేజరు పిలిచి, ఈ బహుమతి చేతికొస్తే కొత్తగా పెట్టే జట్టుకి నన్నే పెద్దని చేస్తానన్నాడు. సభలో మన సైటుని పెద్ద తెర మీద చూపిస్తారట. అప్పటిదాకా అందులో దేన్నీ కదపొద్దు. ఇదొక్కటీ గుర్తుంచుకోండి.

మీ పిచ్చుక

తా.క.: "ఆ శూన్యం మనల్ని చూస్తుంది" అనే వాక్యం పెద్దమ్మకి చదవకండి. రాత్రిళ్ళు భయపడుతుంది.

*

చిరంజీవి పిచ్చుకకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

ఎడమ మోకాలు కులాసా. కుడి మోకాలి కేసు విచారణలో ఉంది.

నీ ఉత్తరం అందింది. అందినట్టు ముద్ర వేశాను. కార్యదర్శి పేరున వచ్చే ప్రతి ఉత్తరం సభ్యుల ముందు చదవాలని మన నియమం కాబట్టి ఆ సాయంత్రమే చదివాను. బహుమతి అనగానే చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ప్రశంస దగ్గరికొచ్చేసరికి మా అధ్యక్షుడు, అదే పళ్ళ డాక్టరు, కప్పు కింద పెట్టేశాడు. "ఏమీ లేని గడి అన్నారా? అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు మన పరువు గంగలో కలిసింది" అన్నాడు.

నేను రెండోసారి చదివాను. నాకూ అలాగే తోచింది. పెద్దవాళ్ళు తిట్టే తీరే అంత, తిట్టినట్టుండదు. "ధైర్యం కావాలి" అంటే "పని సగంలో వదిలేసి పోటీకి పంపడానికి ఎంత ధైర్యం" అని భావం. నేను కోర్టులో ఇలాంటి తీర్పులు చాలా చూశాను. చిన్నపిల్ల డబ్బు తీసుకోకుండా చేసింది కదా పాపం అని జాలిపడి ఇచ్చినట్టున్నారు.

తప్పు నీది కాదమ్మా. ఆ గడి మా ముగ్గురి ఫోటో కోసం నువ్వు వదిలిన చోటు. ఫోటో పంపమని నువ్వు అడిగి అడిగి అలిసిపోయావు. పంపకపోవడానికి కారణం ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మధ్యలో ఎవరు కూర్చోవాలో తేలలేదు. అధ్యక్షుడంటేనే మధ్యలో కూర్చునేవాడని డాక్టరు. సంఘం పుట్టిందే తన తల్లి వాడిన చక్రాల కుర్చీతో, మధ్యలో తను కూర్చోకపోతే ఆవిడ ఆత్మ ఒప్పుకోదని మా కోశాధికారి, ఇనప సామాన్ల కొట్టాయన. పోనీ ఆ చక్రాల కుర్చీలోనే కూర్చుంటానన్నాడు. "అప్పుడు నువ్వు రోగిలా, నేను ఆయాలా కనిపిస్తాం" అని డాక్టరు లేచిపోయాడు. ఇద్దరి మధ్యా మింగలేక కక్కలేక నేను.

ఇప్పుడు నీ పరువు ప్రశ్న వచ్చింది కాబట్టి ఇద్దరూ దిగొచ్చారు. గురువారం ఫోటోగ్రాఫరు వస్తున్నాడు. సభ నాటికి గడి నింపి తీరాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. దిగులు పడకు.

ఇట్లు,
పెదనాన్న (కార్యదర్శి)

తా.క.: అమ్మాయీ, పెద్దమ్మని. ఈయన కవరు అంటించేలోపు రాస్తున్నా. బహుమతి అంటే ఏమిస్తారే? మీ పెదనాన్నకి ఆఫీసులో గోడగడియారం ఇచ్చారు. ఆయనతోపాటే అదీ రిటైరైంది. ఇంకోమాట. ఆ గడిలో బొమ్మ రావట్లేదని నాకు ఫోన్లు వస్తున్నాయి. నీ పనికి వంక పెట్టినట్టుంటుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నేనేదో సర్దిచెబుతున్నాలే. వేళకి తిను.

*

పెదనాన్నా, కొంప ముంచకండి!

అది తిట్టు కాదు. నిజంగానే మెచ్చుకున్నారు. ఫోటోగ్రాఫర్ని రావద్దని చెప్పండి. వచ్చేసి ఉంటే కాఫీ ఇచ్చి పంపించండి.

మా వృత్తిలో ఖాళీ చోటుకి విలువుంటుంది. గోడ నిండా పటాలు తగిలిస్తే ఏదీ కనపడదు, ఒక్కటే తగిలిస్తే కనపడుతుంది కదా, అలాగ. వాళ్ళు ఆ గడిని చూసి, మంచాన పడ్డవాళ్ళు, ఇంట్లో వాళ్ళు లేని లోటు, ఇవన్నీ నేను ఆలోచించి పెట్టాననుకున్నారు. పెద్దాయన దాని మీద ఒక వ్యాసం కూడా రాశాడు. మా ఆఫీసులో దాన్ని అచ్చేసి కాఫీ మిషను పక్కన అంటించారు. రోజూ చూస్తున్నాను.

మీకు మాత్రమే చెబుతున్నాను, ఇది రహస్యం. నేనేమీ ఆలోచించలేదు. మీ ఫోటో వస్తుందని బూడిదరంగు గీతతో ఒక గడి గీసి, మర్చిపోయాను. నిజంగా ఆలోచించి చేసిన వాటి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళు కూడా చదివేలా అక్షరాలు పెట్టాను. వేళ్ళు వణికేవాళ్ళు నొక్కినా తప్పు చోట పడకుండా బొమ్మలు ఎడంగా పెట్టాను. పెద్దమ్మ ఫోన్ నంబరు, మీరు "గుమ్మడికాయలంత అంకెలేమిటే" అని వెక్కిరించిన నంబరు, పట్టుబట్టి ఆ గడి కిందే పెట్టాను. అవేవీ కాదు, గడి!

ఈ ముక్క సభ్యులకి చదవకండి. సభ అయ్యేదాకా గుట్టుగా ఉంచండి. మీ కాళ్ళకి దండం పెడతాను, కుడి మోకాలికి ప్రత్యేకంగా.

పిచ్చుక

తా.క.: పెద్దమ్మా, ఎవరి ఫోన్లో రావట్లేదట? ఏ కంపెనీ ఫోనో అడుగు. అక్కడ బొమ్మే లేదు, ఎలా వస్తుంది?

*

చిరంజీవి పిచ్చుకకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం సభ్యులకి చదివాను. కోప్పడకు. నియమం నియమమే. రహస్యం అని రాశావు కాబట్టి ఆ పేరా తలుపులు మూసి చదివాను.

విన్నాక ఇక్కడ పరిస్థితి పూర్తిగా మారిపోయింది. కేసు ఇలా తేలింది. బహుమతి రావడానికి మూలం ఖాళీ గడి. గడి ఖాళీగా ఉండటానికి మూలం ఫోటో పంపకపోవడం. పంపకపోవడానికి మూలం తగువు. ఇన్నాళ్ళూ ఆ తగువుకి కారణం నువ్వంటే నువ్వని తిట్టుకున్న ఇద్దరూ, ఇప్పుడు నేనంటే నేనని కొట్టుకుంటున్నారు. "మొండిపట్టు పట్టింది నేను" అని డాక్టరు. "నువ్వు పట్టింది ఆర్నెల్లే, నేను సంఘం పుట్టినప్పట్నించీ పడుతున్నా" అని కొట్టాయన. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నీ బహుమతిని ఇద్దరూ పంచేసుకున్నారు. సభకి వచ్చి నీతోపాటు వేదిక ఎక్కుతారట. వేదిక మీద మధ్యలో ఎవరు నిలబడాలనే దానిపై చర్చ వాయిదా పడింది.

కొట్టాయన ఇంకో ప్రతిపాదన తెచ్చాడు. ఒక్క ఖాళీ గడికే ఇంత పేరొస్తే, ఇంకో నాలుగు పెడితే వచ్చే ఏడు సంగతి ఏమిటని. బేరం తెలిసినవాడు కదా. నేను వ్యతిరేకించాను.

ఫోటోగ్రాఫరు గురువారం రానే వచ్చాడు, నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోటో జతచేస్తున్నాను. మధ్య కుర్చీ ఎవరికీ కాకుండా ఖాళీగా వదిలేశాం. ఖాళీకి బహుమతులిచ్చే కాలం కదా, పనికొస్తుందేమో చూడు. పెట్టాలా వద్దా అన్నది నీ విచక్షణకే వదిలేస్తున్నాం.

ఇట్లు,
పెదనాన్న (కార్యదర్శి)

తా.క.: పెద్దమ్మని. ఆ ఫోటోలో మీ పెదనాన్న పొట్ట లోపలికి పీల్చాడు. సాయంత్రం దాకా వదల్లేదు. ఏ కంపెనీ ఫోనో అడగమన్నావు. అడిగాను. ఒక్కొక్కరిది ఒక్కో కంపెనీ. నిన్న ఒకాయన చేసి, "ఇదేం సైటమ్మా, బొమ్మ రాదు, పాడు రాదు, ఎవడు చేశాడు దీన్ని" అని చాలాసేపు తిట్టాడు. మా పిల్లే చేసిందని చెప్పలేదు. తర్వాత వాళ్ళింటికి తల ఎత్తే మంచం పంపించాం.

*

పెదనాన్నకి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

మీ డాక్టరుగారూ కొట్టాయనా చేస్తున్న పనే నేనూ చేస్తున్నానని తట్టింది. వాళ్ళు తగువుని తెలివి అంటున్నారు. నేను మరుపుని తెలివి అంటున్నాను. పైగా వాళ్ళు మీ నలుగురి మధ్యే అంటున్నారు, నేను నిండు సభలో అనబోతున్నాను.

ఫోటో బాగుంది. ముగ్గురూ ఎంత బుద్ధిగా కూర్చున్నారో! దాన్ని చాలాసేపు చూశాను. నా మనసులో ఉన్నది దాచకుండా చెబుతాను. నాకు బాధేమిటంటే, నేను చేసినవన్నీ ఉండగా వాళ్ళకి నచ్చింది నేను చెయ్యనిది. అంటే నేను చేసేవి ఎవరికీ అక్కర్లేదా? ఎర్ర అక్షరాలు పెద్దవి చెయ్యడానికే పనికొస్తానా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని ఆ బహుమతి ఇంట్లో ఎక్కడ పెట్టుకోను? చూసినప్పుడల్లా అదే అడుగుతుంది.

అందుకని నిర్ణయించుకున్నాను. శనివారం మీ ఫోటో ఆ గడిలో పెట్టేస్తాను, పని పూర్తవుతుంది. ఆదివారం సభలో జరిగింది జరిగినట్టు చెప్పి, బహుమతి వద్దంటాను. జట్టు, పెద్దరికం పోతాయి. పోతే పోయాయి. పెద్దాయన అందరి ముందూ చిన్నబోతాడు, అదొక్కటే మింగుడు పడట్లేదు.

మీరు ముగ్గురూ రావద్దు. నేను వేదిక మీద ఏడిస్తే మీకు బాగుండదు.

పిచ్చుక

తా.క.: పెద్దమ్మా, ఆ తిట్టిన ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే శనివారం నుంచి బొమ్మ వస్తుందని చెప్పు. ఇకమీద నీకు ఆ బాధ ఉండదు.

*

అమ్మాయీ,

పెద్దమ్మ దీవెనలు. ఈసారి ఉత్తరం నాది, తాజా కలం ఆయనది. కాగితం నేనే ముందు లాక్కున్నాను.

ఆ ఫోటో పెట్టకు.

నీ ఉత్తరం ఆయన చదువుతుంటే వంటింట్లోంచి విన్నాను. శనివారం నుంచి బొమ్మ వస్తుందని చెప్పు అన్నావు చూడు, అక్కడ నా గుండె జారిపోయింది. ఎందుకు జారిందో నాకే వెంటనే తెలియలేదు. గిన్నె కడుగుతూ ఆలోచిస్తే తెలిసింది.

బొమ్మ రావట్లేదని ఫోన్లు వస్తుంటే, నీ పనిలో ఏదో లోపముందనే నేనూ అనుకునేదాన్ని. పిల్ల మనసు నొచ్చుకుంటుందని సర్దుకొచ్చాను. కానీ అమ్మాయీ, బొమ్మ కోసం చేసినవాళ్ళెవరూ బొమ్మ గురించి మాట్లాడి పెట్టెయ్యలేదు. ఒకావిడ మూడుసార్లు చేసింది. మొదటిసారి బొమ్మ రావట్లేదంది. రెండోసారి తన ఫోన్ పాతదంది, వాళ్ళబ్బాయి కొత్తది కొనిస్తానన్నాడంది, వానల గురించి మాట్లాడింది. మూడోసారి, "మీ కుర్చీలు మనిషి కొంచెం లావుగా ఉన్నా ఆగుతాయాండీ" అంది. వాళ్ళాయన పడిపోయి నెల దాటిందట. ఆ నెలంతా ఆవిడే ఎత్తుతోంది.

ఆ తిట్టినాయన ఉన్నాడే, తిట్టి తిట్టి ఒక్కసారిగా ఊరుకున్నాడు. ఫోన్ పెట్టేశాడనుకున్నాను. పెట్టలేదు. "మా అమ్మ ఇక లేచి కూర్చోలేదట, డాక్టరు ఇవాళే చెప్పాడు" అన్నాడు.

"మా మనిషి ఇక నడవలేడు, కుర్చీ పంపండి" అని నోరు తెరిచి అనడం ఎంత కష్టమో నీకెలా తెలుస్తుంది, చిన్నపిల్లవి. ఆ మాట అన్నాక అది నిజమైపోతుంది. అప్పటిదాకా ఇంట్లో అందరూ రేపో మాపో లేస్తాడులే అనుకుంటారు. అలాంటివాళ్ళకి మీ సైటు తెరిస్తే ముందు కుర్చీ బొమ్మ కనపడుతుంది. చూడలేరు. పక్కన ఏమీ లేని గడి కనపడుతుంది. హమ్మయ్య, ఇదేదో పాడైంది, చెబుదాం అనుకుంటారు. పాడైనదాని గురించి ఫోన్ చెయ్యడం ఎవరికైనా తేలికే. అది సాయం అడగడం కాదు కదా, సాయం చెయ్యడం.

ఇంకొకాయన ఉన్నాడు. వాకరు తిరిగి ఇచ్చేశాడు, భార్య పోయింది. అయినా అప్పుడప్పుడూ చేసి "ఇంకా బొమ్మ రాలేదమ్మా" అంటాడు. "రాలేదు అన్నయ్యగారూ, కాఫీ తాగారా" అంటాను. ఇద్దరం కాసేపు అవీ ఇవీ మాట్లాడుకుంటాం. శనివారం నుంచి బొమ్మ వచ్చేస్తే ఆయన ఏ వంకతో ఫోన్ చెయ్యాలి? మీ పెదనాన్న పొట్ట చూడటానికి చేస్తాడా?

ఆ పెద్దాయన లేమి, శూన్యం అని ఏవో రాశాడే, అవి నాకు తెలియవు. ఆ గడి ఒక సాకు, అంతే. మనిషికి ఒక్కోసారి సాకు కూడా ఆసరానే. మన కొట్టు గదిలో ఉన్న చంకకర్రల్లాంటిదే అదీ.

నువ్వు చేసినవి ఎవరికీ అక్కర్లేదా అని రాశావు. నాకు ఒళ్ళు మండింది. గడి చూసి వంక దొరికింది సరే, ఆ వెంటనే వేలు పడేచోట నా నంబరు లేకపోతే ఆ వంక ఎందుకు కొరగాను? అంత పెద్ద అంకెలు వేసిందెవరు? గడి నీది కాకపోతే మానె. నంబరు నీది.

సభలో నిజం చెప్పాలనుకుంటే చెప్పుకో, నిన్ను ఆపను. మీ పెదనాన్న పెంపకంలో ఇంకోలా ఎలా ఉంటావు. కానీ ఈ ఫోన్ల సంగతి మాత్రం అక్కడ చెప్పకు. సాకని నలుగురికీ తెలిస్తే ఇక అది సాకుగా పనిచెయ్యదు. వాళ్ళు నన్ను నమ్మి చేశారు. నీ బహుమతి నిలబడటానికి వాళ్ళ మాటలు వాడుకోవద్దు. ఇది చెబితే నీకు చప్పట్లు కొడతారని నాకూ తెలుసు. అయినా వద్దంటున్నాను.

వేళకి తిను.

పెద్దమ్మ

తా.క.: పెదనాన్నని. ఈ ఉత్తరం సభ్యులకి చదవబోయాను. ఇది కార్యదర్శి పేరున వచ్చిన ఉత్తరం కాదు, కార్యదర్శి భార్య పంపుతున్న ఉత్తరం, నియమం వర్తించదని మీ పెద్దమ్మ వాదించింది. వాదనలో పస ఉంది. ఇన్నేళ్ళూ మా ముగ్గురిలో మధ్యలో ఎవరు కూర్చోవాలని కొట్టుకున్నాం. ఆ కుర్చీ ఎవరిదో ఇప్పుడు తెలిసింది, కానీ ఆవిడ ఫోటో దిగనంటోంది. సభకి మేం రావట్లేదు. కారులో ముందు సీటు ఎవరిదో తేలలేదు.

*

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నీ పేరున రాస్తున్నాను. ఫైల్లోకి వెళ్ళకూడదు.

ఫోటో పెట్టలేదు. సభలో నా పేరు పిలిచారు, తెర మీద మన పేజీ వేశారు. ఆ గడి ఇంటి తలుపంత కనపడింది. నేను రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టేసి, ఉన్నమాట చెప్పాను. "ఆ గడి మా పెదనాన్నవాళ్ళ ఫోటో కోసం వదిలాను. ఫోటో రాలేదు. అందులో నా ధైర్యం లేదు, ఆలోచన లేదు. ఇప్పుడు ఫోటో వచ్చింది. అయినా పెట్టట్లేదు. అక్కడ ఫోన్ ఎత్తే మనిషి వద్దంది. ఎందుకో ఆవిడ చెప్పింది, నేను చెప్పకూడదు. ఆ గడిని చూసి ఇచ్చిన బహుమతి అయితే తీసేసుకోండి."

హాలంతా నవ్వింది. మంచి నవ్వే. నీ ఫోన్ల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది పెద్దమ్మా. ఒక్క ముక్క అంటే చాలు, అందరూ లేచి నిలబడేవాళ్ళు. అనలేదు. అంత గట్టిగా పళ్ళు బిగించడం నాకిదే మొదలు. మన డాక్టరుగారు చూసి ఉంటే రెండు పళ్ళయినా పీకేవారు.

అప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకావిడ లేచి, "మేం మిగతావాళ్ళం మార్కులు వేసింది ఆ నంబరు చూసి. గడి గురించి రాసింది పెద్దాయన ఒక్కరే" అంది. మళ్ళీ నవ్వారు. ముందు వరసలో పెద్దాయన మాత్రం నవ్వలేదు. తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. బహుమతి నా చేతిలో పెట్టారు. జట్టు సంగతి మా మేనేజరు ఇంకా ఏమీ అనలేదు. కానీ ఆ గడి మీద వ్యాసం కాఫీ మిషను దగ్గర్నుంచి తీసేశారు.

అసలు సంగతి ఇది కాదు.

అయిపోయాక మెట్ల దగ్గర నిలబడ్డాను. పెద్దాయన నా వైపే వచ్చాడు. చీవాట్లు పెడతాడనుకున్నాను. పెట్టినా పడదామనుకున్నాను, నా మూలంగానే కదా అంతమందిలో చిన్నబోయాడు. దగ్గరికొచ్చి, ఫోన్ నాకు చూపించి అన్నాడు:

"మీ సైటు నా ఫోన్లో తెరిచానమ్మా. ఆ గడిలో బొమ్మ రావట్లేదు."

అక్కడ బొమ్మే లేదని అప్పుడే కదండీ మైకులో చెప్పాను, అనబోయాను. ఆయన ముఖం చూశాను. నువ్వు గుర్తొచ్చావు.

"బొమ్మ సంగతి నేను చూస్తాను. మీరు కాఫీ తాగారా?" అన్నాను.

తాగలేదన్నాడు. ఇద్దరం వసారాలో కాగితం కప్పులు పట్టుకుని నిలబడ్డాం. తన ఫోన్ పాతదన్నాడు. హాల్లో దీపాలు మరీ ఎక్కువన్నాడు. ఎవరికని నేను అడగలేదు. కప్పు ఖాళీ అయ్యాక, దాన్ని మడుస్తూ మడుస్తూ, "ఆ తల ఎత్తే మంచం ఇరుకు గుమ్మంలోంచి పడుతుందా?" అని అడిగాడు.

విడదీసి తెచ్చి లోపల బిగిస్తారని చెప్పాను. ఆ గడి కింద నంబరు ఉందని చూపించాను. కనపడుతోందమ్మా, అన్నాడు. కళ్ళజోడు లేకుండానే కనపడుతోంది, అన్నాడు.

పెద్దమ్మా, నాకు బహుమతి అప్పుడు వచ్చింది.

నీ పిచ్చుక

తా.క.: బహుమతి అంటే ఏమిస్తారని అడిగావు. ఇనప దిమ్మ. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను, బాగా పనిచేస్తోంది.

ఇంకోటి. ఆయన రేపో ఎల్లుండో నీకు ఫోన్ చేస్తాడు. గొంతు గంభీరంగా ఉంటుంది. బొమ్మ రావట్లేదంటాడు. ఎవరో తెలియనట్టే మాట్లాడు.